నాన్న వాచీ ఖరీదెంత?

ఇల్లు సంగతి తేలిపోయింది. ఎకరంన్నర మాగాణి సంగతీ తేలింది. నగల్లో ఎవరికేవో అమ్మే పంచి ఇచ్చేసింది. ఇత్తడి గంగాళాల దగ్గర కూడా మాటా మాటా రాలేదు. తెనాలి దగ్గర పల్లెటూళ్లోని ఆ ఇంట్లో, మాస్టారి సంవత్సరీకాలైన మర్నాడు, ముగ్గురు పిల్లలూ వసారాలో కూర్చుని రాసుకున్న జాబితాలో ఆఖరికి ఒక్కటే మిగిలింది. మాస్టారి చేతి వాచీ.

హెచ్‌ఎంటీ జనతా. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, 1974లో, నెల జీతంలో సగానికి సగం పోసి కొన్నది. తెల్ల డయలు, నల్ల తోలు పట్టీ. రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి. మాస్టారు కాఫీ తాగడమైనా మరిచిపోతారేమోగానీ వాచీకి కీ ఇవ్వడం మరిచిపోరని ఇంట్లో నవ్వుకునేవాళ్లు. ఆయన పోయిన మర్నాడు అది ఆగిపోయింది. కీ ఇచ్చేవాళ్లు లేక. పదకొండో రోజున ఎవరో గుర్తొచ్చి కీ తిప్పి చూశారు. కదల్లేదు.

పెద్దకొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. సంవత్సరీకాలనాటికి అమ్మ చేతిలో పెట్టాలని వాచీని తనతో తీసుకెళ్లి, నలుగుర్నీ వాకబు చేసి, పాత వాచీలను కొత్తవాటిలా చేసిచ్చే చోట ఇచ్చాడు. 4,800 రూపాయలయింది. మఖమల్ పెట్టెలో పెట్టి తెచ్చాడు. తళతళలాడే కేసు, గీతల్లేని అద్దం, పాలలా తెల్లటి డయలు. అమ్మ చెవి దగ్గర పెట్టుకుని, ఆ టిక్‌టిక్ విని కళ్లు తుడుచుకుంది. చిన్నకొడుకు భలే ఉందన్నాడు. విజయవాడ నుంచి వచ్చిన కూతురు మాత్రం అటూ ఇటూ తిప్పి చూసి ఒకే మాట అడిగింది.

‘‘అన్నయ్యా, మచ్చేదీ?’’

ఆ మచ్చకో కథ ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. వేలమంది ప్రాణాలు పోయాయి. ఆ వారంలోనే మాస్టారు తోటి టీచర్లతో కలిసి కృష్ణ దాటి సహాయానికి వెళ్లారు. పది రోజులు ఆ బురదలో, ఉప్పునీళ్లలో తిరిగి ఇంటికొచ్చాక చూసుకుంటే వాచీ అద్దం లోపల చెమ్మ. కీ ఉండేచోట, మూడు గంటల గీత పక్కన, పెసరగింజంత గోధుమరంగు మరక. డయలు మార్చేస్తానని వాచీలు బాగుచేసే ఆయన అంటే మాస్టారు ‘ఉండనీండి’ అన్నారట. దివిసీమలో ఏం చూశారో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. పిల్లలు మాత్రం టైము చూడ్డం ఆ మచ్చ మీదే నేర్చుకున్నారు. పెద్దముల్లు మచ్చ మీదికొస్తే పావు.

ఇప్పుడు అది లేదు. పెద్దకొడుక్కి కోపం వచ్చింది. అంత ప్రేమగా, అంత ఖర్చు పెట్టి చేయిస్తే మెచ్చుకోవాల్సింది పోయి మచ్చ అడుగుతుందేమిటి? చెల్లెలికి దుఃఖం వచ్చింది. బ్యాంకులో పనిచేసే చిన్నవాడు మాత్రం నిబ్బరంగా, ‘‘దీనికీ ఓ ధర కట్టిద్దాం. కావలసినవాళ్లు తీసుకుని మిగతా ఇద్దరికీ వాటా ఇచ్చేస్తే గొడవుండదు’’ అన్నాడు. ‘‘అయితే నా 4,800 కూడా కలపాలి మరి’’ అన్నాడు పెద్దాయన, పంతం కొద్దీ.

కలపాలా? ఇంతకీ ఎంత కట్టాలి?

ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. 1960ల్లో, 70ల్లో ఉద్యోగాల్లో చేరిన తరం వెళ్లిపోతోంది. వాళ్ల బీరువాల్లో, సూట్‌కేసుల అడుగున, దేవుడి గూట్లో వాచీలు మిగులుతున్నాయి. కొన్నిళ్లలో ఫేవర్ లూబా, వెస్ట్ ఎండ్, రోమర్, ఓమెగా లాంటి స్విస్ వాచీలు. ఎక్కువ ఇళ్లలో హెచ్‌ఎంటీ. జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన ఫ్యాక్టరీ అది. తొలి వాచీలను నెహ్రూ విడుదల చేశారు. జనతా, పైలట్, సోనా, కాంచన్... పేర్లు చెబితే చాలు, ఓ తరం పెళ్లి ఫొటోలు కళ్లముందు కదుల్తాయి. అల్లుడికి పెట్టే వాచీ, టెన్త్ పాసైతే కొనిచ్చే వాచీ, రిటైరైతే చేతికి తొడిగే వాచీ అన్నీ అవే. 1980ల్లో మన హైదరాబాద్ ఆల్విన్ కూడా సీకో సహకారంతో వాచీలు చేసింది. 1987లో టైటన్ బ్యాటరీ వాచీలతో వచ్చాక కీ ఇచ్చే వాచీల వైభవం తగ్గుతూ వచ్చింది. హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదముద్ర వేసింది. విచిత్రమేమిటంటే, కంపెనీ మూతపడుతుందన్న వార్త వచ్చాకే ఎందరికో తమ ఇంట్లోని హెచ్‌ఎంటీ గుర్తొచ్చింది.

గుర్తొచ్చిన వెంటనే చేసే పని, దాన్ని తీసుకెళ్లి మెరిపించడం. చిక్కంతా అక్కడే.

వాచీని బాగుచేయించడం వేరు, కొత్తగా చేయించడం వేరు. పాత వాచీల్లో చాలావాటి గుండె గంటకి 18,000 సార్లు కొట్టుకుంటుంది. అంటే రోజుకి 4,32,000 సార్లు. ముప్ఫై ఏళ్లు చేతికుంటే ఎన్ని వందల కోట్ల సార్లో లెక్కేసుకోవచ్చు. అంత పనిచేసే మిషన్‌లో నూనె ఎండిపోతుంది, జిగురులా పట్టేస్తుంది. ఆ స్థితిలో బలవంతాన నడిపితే ఇరుసులు అరిగిపోతాయి. అందుకని విప్పి, కడిగి, నూనె వేయించడం తప్పనిసరి. దానివల్ల విలువకు నష్టమేమీ లేదు.

డయల్ సంగతి అలా కాదు. పాత వాచీలు కొనేవాళ్లు ముందు చూసేది డయలే. దాని మీది పాత రంగును కరిగించేసి, కొత్త రంగు పూసి, అక్షరాలు మళ్లీ అచ్చు వేస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది. భూతద్దం పెడితే తెలిసిపోతుంది. అక్షరాలు కాస్త లావుగా ఉంటాయి, నిమిషాల గీతలు ఒకదానికొకటి కుదరవు. తెలిసినవాడు అక్కడితో వాచీ కింద పెట్టేస్తాడు, లేదా ధర బాగా తగ్గించి అడుగుతాడు. కొద్దిగా పచ్చబడ్డ అసలు డయలు ఉన్న వాచీ, మిలమిలలాడే కొత్త రంగు వాచీకన్నా ఎక్కువ పలకడం ఈ బజారు న్యాయం. పాత తంజావూరు వీణకి ఎనామిల్ పెయింటు వేయించి ‘ఎంత బాగుందో’ అనుకుంటే ఎలా ఉంటుంది? అలాగన్నమాట.

కేసుకి పాలిష్ పెట్టడమూ అంతే. పెట్టినప్పుడల్లా కాస్త లోహం పోతుంది. పదునైన అంచులు గుండ్రమవుతాయి, వెనక మూత మీద చెక్కిన అక్షరాలు చెరిగిపోతాయి. ఇక మిషన్ ఒక వాచీది, కేసు ఇంకోదానిది, డయలు ఎవరూ ఎరగని రంగుది... ఇలా అతుకులేసి అమ్మే వాచీలు మన దేశం నుంచి ఎన్ని వెళ్లాయంటే, విదేశాల్లో పాత వాచీలు సేకరించేవాళ్లు వాటికి ‘ముంబయి స్పెషల్’ అని పేరే పెట్టేశారు. మన వాచీ రిపేరర్ల చేతి నైపుణ్యానికి అది అవమానమే. విడిభాగాలు దొరకనిచోట ఏదో ఒకటి అమర్చి వాచీని నడిపించిన తెలివి కూడా వాళ్లదే మరి.

పాత వాచీల్లో చీకట్లో వెలిగే ముళ్లుంటే ఇంకో జాగ్రత్త. ‘రేడియం ముళ్లు’ అని మనవాళ్లు ఊరికే అనలేదు. 1960ల ముందునాటి వాచీలు చాలావాటికి నిజంగానే రేడియం కలిపిన రంగు పూసేవారు. వెలుగు ఎప్పుడో పోయుండొచ్చు. రేడియం మాత్రం పోదు, దాని శక్తి సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. అలాంటి వాచీని ఇంట్లో విప్పి ముళ్లు గోకడం, దుమ్ము ఊదడం చేయకూడదు. మూత మూసి ఉన్నంతవరకూ దాని మానాన దాన్ని ఉండనివ్వడం మేలు.

ధర దగ్గరికొద్దాం. ఎవరినడిగినా ముందు వాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ధర ఎందుకు కావాలి? అమ్మడానికైతే, వ్యాపారి ఇచ్చేది అతను మళ్లీ అమ్ముకోబోయే ధరకన్నా బాగా తక్కువ ఉంటుంది. కొట్టు అద్దె, రిపేరు, లాభం అన్నీ అందులోంచే రావాలి కదా. ఖరీదైన స్విస్ వాచీకి బీమా చేయిద్దామనుకుంటే, అలాంటిది మళ్లీ కొనాలంటే ఎంతవుతుందో ఆ లెక్క కావాలి. అది ఎక్కువుంటుంది. అన్నదమ్ముల పంపకానికైతే, ఇవాళ బజార్లో ఓ మామూలు మనిషి దీన్ని ఎంతకు కొంటాడన్నదే న్యాయం. ఒకే వాచీకి ఈ మూడు ధరలూ మూడు రకాలుగా రావడంలో మోసమేమీ లేదు.

ఇంటర్నెట్‌లో ఎవరో 25,000 అని పెట్టుకుంటే మనదీ అంతే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అది అతని ఆశ. అమ్ముడుపోయిన వాచీల ధరలే లెక్క. బంగారం భ్రమ ఇంకోటి. వెనక మూత మీద ‘20 మైక్రాన్లు’ అని ఉంటే అది బంగారు పూత మందం. మిల్లీమీటరులో యాభయ్యో వంతు! కరిగిస్తే పంటి కిందకు కూడా రాదు. ‘18 కే’ అన్న ముద్ర ఉంటే సంగతి వేరు, అప్పుడు కంసాలిని అడగొచ్చు. హెచ్‌ఎంటీ సోనాకు పేరే సోనా, పసిడంతా పూతలోనే.

మరి కోట్లు పలికే వాచీల మాటేమిటి? హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ రోలెక్స్ డేటోనా 2017లో న్యూయార్క్ వేలంలో కోటీ 77 లక్షల డాలర్లు పలికింది. అప్పటి లెక్కన మన డబ్బులో 115 కోట్ల పైమాటే. దాని వెనక మూత మీద, కారు జాగ్రత్తగా నడపమని భార్య చెక్కించిన మాటలున్నాయి. 1984లో న్యూమన్ దాన్ని కూతురి స్నేహితుడికి ఇచ్చేశాడు. ఆ అబ్బాయి చేతికి వాచీ లేకపోవడం చూసి, రోజూ కీ ఇవ్వడం గుర్తుంచుకుంటే బాగానే టైము చూపిస్తుందని చెప్పి మరీ ఇచ్చాడట. ఎవరైనా ఆ అక్షరాలు పాలిష్ చేసేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. గాంధీజీ జేబు గడియారం సంగతి తెలిసిందే. కళ్లజోడు, చెప్పులు, గిన్నె, పళ్లెంతో కలిపి 2009 మార్చిలో న్యూయార్క్‌లోనే వేలం వేస్తే విజయ్ మాల్యా 18 లక్షల డాలర్లకు కొన్నారు. ఆ వస్తువుల్లో ఉన్న లోహం ఖరీదెంత గనక!

మాస్టారు పాల్ న్యూమన్ కాదు. ఆయన వాచీని వేలంలో ఎవరూ పాడుకోరు. కానీ ‘ఇది ఫలానావారిది’ అనడానికి సాక్ష్యం కావాలన్న సూత్రం అందరికీ ఒకటే. కొన్నప్పటి రసీదు, వాచీ పెట్టుకుని దిగిన ఫొటో, పాత డబ్బా, వెనక మూత మీది అక్షరాలు... ఇలాంటివి పారేయకుండా వాచీతోపాటు ఉంచాలి. రిపేరుకి ఇచ్చేముందు ముందూ వెనకా ఫొటోలు తీసుకోవాలి. డయలు ముట్టుకోవద్దని, పాలిష్ పెట్టొద్దని చీటీ మీద రాసి మరీ ఇవ్వాలి. మార్చిన ప్రతి భాగాన్నీ, విరిగిందైనా సరే, తిరిగి అడిగి తెచ్చుకోవాలి. ధర కట్టించాలనుకుంటే బాగుచేయించకముందే కట్టించాలి. బాగుచేయించడానికయ్యే ఖర్చు వాచీ ధరను దాటిపోతుందేమో అప్పుడే తెలుస్తుంది.

తెనాలి దగ్గరి ఇంట్లో ఇవేవీ జరగలేదు. పెద్దకొడుక్కి ఎవరూ చెప్పనూ లేదు. అతను చేసిందల్లా, నాన్న వస్తువు నాన్న బతికున్నప్పటికన్నా బాగుండాలనుకోవడం.

మర్నాడు ముగ్గురూ తెనాలి వెళ్లారు. మాస్టారు ఎప్పుడూ వాచీ ఇచ్చే కొట్టే. కొట్టంటే నాలుగడుగుల బడ్డీ, ఓ అద్దాల పెట్టె, ఓ ట్యూబులైటు. అప్పట్లో బాగుచేసిన ఆయన లేరు. ఆయన కొడుకు, డెబ్భై దగ్గర పడుతున్న మనిషి, కూర్చుని ఉన్నాడు. విషయం విని వాచీ అందుకున్నాడు. కంటికి భూతద్దం తగిలించుకుని డయలు చూసి, ‘‘రంగు కొట్టించారా బాబూ?’’ అన్నాడు మెల్లిగా. పెద్దకొడుకు జవాబు చెప్పలేదు.

‘‘ఎంత చేస్తుందండీ?’’ చిన్నవాడు అడిగాడు.

‘‘మిషన్ బాగుంది. శుభ్రంగా చేశారు, వంక పెట్టడానికి లేదు. ఇప్పుడైతే పన్నెండొందలు. సరదాపడేవాడు దొరికితే పదిహేనొందలు. పాత డయలే ఉంటే మరో వెయ్యి వచ్చేదేమో. మచ్చున్నా సరే.’’

‘‘4,800 పెట్టాను’’ అన్నాడు పెద్దవాడు.

‘‘అది పనికిచ్చిన కూలి బాబూ. వాచీలోకి రాదు.’’

అంటూనే వాచీ బోర్లించి వెనక మూత తీశాడు. మూత లోపలివైపు లైటు కిందికి వంచి చూసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత భూతద్దం ఊడదీసి చెల్లెలి చేతిలో పెట్టాడు. ‘‘చూడమ్మా.’’

వాచీలు బాగుచేసేవాళ్లకి ఓ పాత అలవాటుంది. విప్పిన ప్రతిసారీ మూత లోపల సూదిమొనతో తారీకో, గుర్తో గీస్తారు. మళ్లీ వచ్చినప్పుడు ఎప్పుడు చేశామో తెలియడానికి. బయటినుంచి కనిపించదు, వాచీ యజమానికి తెలియను కూడా తెలియదు. హైదరాబాద్‌లో మెరిపించినవాళ్లు మూత బయటివైపే మెరిపించారు. లోపల వెంట్రుకవాసి గీతల్లో, ఒకదాని కింద ఒకటి, ఏడో ఎనిమిదో తారీకులు. అన్నిటికన్నా పైన 8-12-77.

‘‘ఇది మా నాన్న చెయ్యి. ఏడు అంకెకి నడుమ అడ్డగీత వేసేవారు, చూశారా? ఉప్పునీళ్లు తాగొచ్చిన వాచీ. నాకు జ్ఞాపకమే. మూడు రోజులు కిరసనాయిల్లో నానబెట్టారు. కింది మూడూ నావి.’’

కిందివాటిలో ఒకటి 5-98. అది కూతురి పెళ్లి నెల. పెళ్లిపనుల హడావుడిలో కూడా ఆయన వాచీ తెచ్చి సర్వీసింగ్ చేయించుకెళ్లారన్నమాట. ఆమె భూతద్దం అన్నకి ఇచ్చింది. అతను చాలాసేపు చూశాడు. చిన్నవాడు సెల్‌ఫోన్‌తో ఫొటో తీయబోతే గీతలు సరిగ్గా పడలేదు. లైటు అటూ ఇటూ తిప్పి నాలుగైదుసార్లు తీశాడు.

మూత బిగించేముందు ముసలాయన సూది తీసి అడిగాడు, ఇవాళ్టి తారీకు వేయమంటారా అని. చేసిన రిపేరేమీ లేదు కదా అన్నాడు చిన్నవాడు. ‘‘చూశాం కదా’’ అన్నాడాయన. వేశాడు. డబ్బులు తీసుకోలేదు.

తిరుగు ప్రయాణంలో, బస్సులో, పెద్దవాడు వాచీని చెల్లెలి చేతిలో పెట్టి, ‘‘నువ్వే ఉంచుకో’’ అన్నాడు. 4,800 ఊసు మళ్లీ ఎత్తలేదు. ఎత్తుకున్నది చిన్నవాడు. లెక్క లెక్కే అంటూ జాబితాలో ‘వాచీ ఒకటి, రూ. 1,500’ అని రాసి, అక్క దగ్గర తన వాటా అయిదొందలు వసూలు చేశాడు. పెద్దవాడి అయిదొందలు అతను వద్దంటే అమ్మ తీసుకుని కొంగున ముడేసుకుంది.

వాచీ ఇప్పుడు విజయవాడలో ఉంది. వర్షంలో పెట్టుకోవద్దని, స్నానానికి తీసెయ్యమని, వారానికోసారైనా నడిపించమని తెనాలి ఆయన మరీ మరీ చెప్పాడు. ఆమె రోజూ నడిపిస్తోంది. పొద్దున్నే ఆరున్నరకి హైదరాబాద్ నుంచి ఫోన్ వస్తుంది.

‘‘కీ ఇచ్చావా?’’